నీళ్ళు పోయని గచ్చు

లైప్‌జిగ్,
జర్మనీ,
ఆదివారం రాత్రి

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేము ముగ్గురం కులాసా. ఉద్యోగం ఎప్పటిలాగే నడుస్తున్నది, దాని గురించి రాయవలసినదేమీ లేదు. మొన్న ఫోనులో, మా గదికి నీళ్ళు కలపని పొడి నేల వేశానని చెప్పగానే మీరు “నీళ్ళు పొయ్యని గచ్చు గచ్చేటిరా?” అని, నేను నోరు తెరిచేలోగా ఫోను అమ్మ చేతికి ఇచ్చేశారు. ఆ మాట ఈ మూడు రోజులూ నన్ను నిద్రపోనివ్వలేదు. తాపీ మేస్త్రి కొడుకు తన ఇంటి నేలను అట్టపెట్టెలా అతికించుకున్నాడని సోంపేటలో ఎవరితోనైనా అనేలోగా ఈ ఉత్తరం మీకు చేరాలని కోరిక.

మన ఇంటి స్లాబు వంటిది ఈ ఇంటికి లేదు. నూరేళ్ళు దాటిన కట్టడం కనుక అంతస్తుకూ అంతస్తుకూ నడుమ చెక్క దూలాలు, వాటిపై పలకలు, అంతే. మా గది 20 చదరపు మీటర్లు. అందులో 5 సెంటీమీటర్ల మందాన సిమెంటు గచ్చు వేస్తే రెండు టన్నులు అవుతుంది. అంటే నలభై సిమెంటు బస్తాలను ముసలి దూలాల నెత్తిన శాశ్వతంగా పెట్టినట్లు. ఆ మాలులోని నీరు చెక్క సందుల్లోంచి కింది ఇంటి సీలింగుకు దిగుతుంది, దూలాల కొసలు నానతాయి, పైగా గచ్చు గట్టిపడి ఆరేదాకా నెల రోజులు పాపను తీసుకుని ఎక్కడ ఉండాలి? అందుకే డ్రై స్క్రీడ్, అంటే నీళ్ళు కలపకుండా పొడి గుళికలు పోసి వాటి మీద పలకలు అతికించే నేల, ఎంచుకున్నాను. దీని బరువు నా లెక్కకు సుమారు 800 కిలోలు. ఈ లెక్క మీ దగ్గర నేర్చుకున్నదే.

పని మట్టంతోనే మొదలైంది. కిటికీ వైపు గోడ దగ్గర నేల 3 సెంటీమీటర్లు కుంగి ఉన్నది. చెక్క మీద ముందు మందపాటి కాగితం పరిచాను. కింద కాంక్రీటు ఉంటే చెమ్మ పైకి రాకుండా ప్లాస్టిక్ షీటు వేస్తారు గానీ, చెక్కకు గాలి ఆడాలి కనుక కాగితమే మేలు; గుళికలు సందుల్లోకి జారకుండా ఆపితే చాలు. గోడల వెంట చుట్టూ ఒక సెంటీమీటరు మందం ఉన్న మెత్తని పట్టీ నిలబెట్టాను. నేల గోడకు తగలకపోతే పాప గెంతులు గోడల గుండా పొరుగువారికి అంతగా వినబడవు. ఆ తరువాత కాల్చి ఉబ్బించిన మట్టి గుళికలు పోశాను. మిరియాలంతవీ, ఇంకా చిన్నవీ ఉంటాయి, పేలాల్లా తేలిక. ఎత్తయిన చోట 2 సెంటీమీటర్లు, పల్లంలో 5 పడ్డాయి. 50 లీటర్ల సంచులు పద్నాలుగు పట్టాయి. రెండు ఇనుప పట్టీలను రసమట్టంతో సరిచూసి పెట్టి, వాటి మీద బద్ద లాగుతూ చదును చేశాను. ఆ రసమట్టం పెళ్ళయ్యాక మీరు నా పెట్టెలో పెట్టినదే. ఇక్కడి కొట్లో అంతకంటే మంచివి ఉన్నా నాకు దానిమీదే నమ్మకం.

తప్పు జరిగింది కూడా మీ వల్లనే అనుకోండి. మీరు గచ్చు వేసేటప్పుడు లోపలి గోడ నుంచి గుమ్మం వైపు వెనక్కి జరుగుతారు కదా, నేనూ చూసి చూసి అలవాటై కిటికీ దగ్గర మొదటి పలక పెట్టబోయాను. అక్కడికి వెళ్ళేసరికి చదును చేసిన గుళికల్లో నా అడుగులు వరుసగా గుంటలు పడ్డాయి! ఇక్కడ పని తిరగబడి ఉంటుంది: గుమ్మం దగ్గర మొదలుపెట్టి, పరిచిన పలకల మీదే నిలబడి ముందుకు పోవాలి. కోడలు నవ్వుతూ ఫోటో తీసింది, అమ్మకు పంపవద్దని చెప్పాను.

పైన వేసినవి జిప్సం ఫైబర్ పలకలు, అంటే జిప్సంలో కాగితపు నార కలిపి చేసినవి. మీటరున్నర పొడవు, అర మీటరు వెడల్పు. ఒక్కొక్కటి 10 మిల్లీమీటర్ల రెండు పొరలను కాస్త పక్కకు జరిపి అతికించినది కనుక, అంచున 5 సెంటీమీటర్ల మెట్టు మిగులుతుంది. ఆ మెట్టు మీద రెండు గీతలుగా జిగురు పోసి, పక్క పలకను దానిపై కూర్చోబెట్టి, జిగురు పట్టకముందే స్క్రూలు బిగించాలి. గోడ దగ్గరి పలకకు మాత్రం మెట్టు కోసేయాలి, లేకపోతే అంచు ఆధారం లేక విరుగుతుంది. ఇటుక వరుసల్లాగే అతుకు మీద అతుకు రాకూడదు, కనీసం 20 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. ఈ నియమం చదివినప్పుడు మీరు గోడ కడుతూ నన్ను తిట్టిన తిట్లన్నీ గుర్తుకొచ్చాయి. మరునాడే దాని మీద నడిచాము.

అమ్మ తిత్లీ తుఫాను నాటి నీళ్ళు తలచుకుని భయపడుతున్నది. ఈ నేలకు నీరు పడదన్నది నిజమే, అందుకే స్నానాల గదిలో దీన్ని వేయలేదు. మేముండేది రెండో అంతస్తు, ఇక్కడికి వరద రాదు. పాపకు కాళ్ళు చల్లబడతాయన్న బెంగ కూడా వద్దు. సిమెంటు కంటే ఇది వెచ్చగానే ఉన్నది, వట్టి కాళ్ళతో తిరుగుతున్నది.

మన పై గదికి కూడా ఇలాగే వేసి ఉండవలసిందా అని తమ్ముడు అడిగాడు. కాదని చెప్పండి. మన వానలకు, కిటికీలోంచి కొట్టే జల్లుకు అది ఆగదు. స్లాబు మీద మీరు ఇప్పుడు వేసిన సిమెంటు గచ్చే సరైనది. అయితే మోకాళ్ళ నొప్పితో మీరే రోజూ మెట్లెక్కి, అది గట్టిపడేందుకు దానికి నీళ్ళు కడుతున్నారని అమ్మ చెప్పింది. ఆ పని వాడికి అప్పగించండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, వారం దాకా ఆపకుండా. వాడు మరచిపోకుండా రాత్రి నేనే ఫోను చేసి అడుగుతాను.

మీ పెద్దవాడు