బిల్లు లేని వైరింగు

సంపాదకుడు గారికి,

పోయిన పండక్కి బెంగళూరు నుంచి అనంతపురం బయల్దేరాం. బాగేపల్లి టోల్ దాటామో లేదో, వెనక సీట్లో ఉన్న మా అమ్మ "ఏందో కాలిన వాసన వస్తాంది రా" అంది. బయట ఎవరో చెత్త తగలబెడుతున్నారులేమ్మా అన్నాను. రెండు నిమిషాల్లో డాష్‌బోర్డు కింద నుంచి పొగ, వెంటనే హెడ్‌లైట్లు రెండూ ఆరిపోయాయి. రాత్రి ఎనిమిదిన్నర, హైవే, వెనకాల లారీలు. డిక్కీలో స్పానర్ ఉండబట్టి సరిపోయింది, ఫోన్ వెలుతుర్లో బ్యాటరీ టెర్మినల్ పీకేశాను.

నెల కిందట బెంగళూరులో ఒక షాపులో, చీకటి పడగానే లైట్లు వాటంతట అవే వెలిగే స్విచ్ మాడ్యూల్ పెట్టించాను. "వైరు కట్ చేయం సార్, కప్లర్ టు కప్లర్" అన్నాడు, అంటే ప్లగ్గుకి ప్లగ్గు తగిలించడమే. పనిలో పనిగా 60/55 వాట్ల బల్బులు తీయించి 100/90వి (హై బీమ్‌కి 100, లో బీమ్‌కి 90) వేయించుకున్నాను, అది నా కక్కుర్తి, ఒప్పుకుంటాను. వారానికే 15 ఆంపియర్ల ఫ్యూజు పోయింది. మళ్లీ వెళ్తే రెండు నిమిషాల్లో 30 ఆంపియర్లది గుచ్చి, డబ్బులు వద్దు సార్ అన్నాడు. నేను థాంక్స్ కూడా చెప్పి వచ్చాను!

తర్వాత తెలిసిన ఎలక్ట్రీషియన్ డాష్‌బోర్డు విప్పి చూపించాడు. రిలే, అంటే చిన్న కరెంటు సైగతో పెద్ద కరెంటును ఆన్ ఆఫ్ చేసే స్విచ్, అసలు లేదు. లైట్ల కరెంటంతా అగ్గిపెట్టంత మాడ్యూల్‌లోంచే పోతోంది. కప్లర్ కాదు కదా, కంపెనీ వైరు తోలు బ్లేడుతో గీకి, సగం పోగులు తెగ్గొట్టి, కొత్త వైరు మెలిపెట్టి టేపు చుట్టారు. ఆ టేపు కరిగి బెల్లం పాకంలా వేలికి అంటుకుంది.

12 వోల్టులే కదా, షాక్ కూడా కొట్టదు అనుకుంటాం. చిక్కంతా అక్కడే. ఇంట్లో 180 వాట్లకు ఒక్క ఆంపియరు కూడా పట్టదు, కారులో అదే 180 వాట్లకు, అంటే 90 వాట్ల బల్బులు రెంటికి, 15 ఆంపియర్లు లాగుతుంది. వైరును కాల్చేది వోల్టులు కాదు, ఆంపియర్లు. అందుకే మాడ్యూల్ రిలేకి సైగ మాత్రమే చెయ్యాలి, లైట్లకు కరెంటు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టుకుని, తగినంత లావు వైరులో రిలే మీదుగా రావాలి. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి, అది పోతోందని పెద్దది వేస్తే ఇక కాలేది వైరే.

మరి దీన్ని అడిగే నాథుడెవరు? ఇంటికి మీటరు కావాలంటే లైసెన్సున్న కాంట్రాక్టరు సంతకం అడుగుతారు. కారుకి గ్యాస్ కిట్ పెడితే ఆర్‌సీలో ఎక్కించాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా బండి యజమానికి, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. సరే, నన్ను పట్టుకోండి. కానీ జె.సి. రోడ్డు నుంచి మారతహళ్లి దాకా రోజూ బళ్లు విప్పి వైర్లు కలిపేవాళ్ల చేతికి ఏ పరీక్షా లేదు. నేను బిల్లు అడిగితే "బిల్లయితే జీఎస్టీ పడుతుంది సార్" అన్నాడు, నేనూ వదిలేశాను.

రవాణా శాఖ పెద్ద పథకాలేమీ పెట్టక్కర్లేదు. బండిలో కరెంటు పని చేసే ప్రతి షాపూ ఏ వైరు, ఎంత ఫ్యూజు, ఎక్కడ కలిపారు అన్నది బిల్లు మీద రాసి స్టాంపు వెయ్యాలని ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. రాయాల్సి వస్తే 30 ఆంపియర్లు అని రాయడానికి ఆ కుర్రాడి చెయ్యి కాస్తయినా ఆగేది. మాడిపోయిన ఆ మాడ్యూల్ నా దగ్గరే ఉంది, ఆ శాఖ వాళ్లు చూస్తామంటే నేనే తెచ్చి చూపిస్తాను.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు