ఐదో ఓటమి తర్వాత

టార్నీట్, మెల్‌బోర్న్,
14 ఏప్రిల్ 2025

చిట్టీ,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. చిన్నోడు ఎప్పటిలాగే ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని ఆలోచనలో పడుతున్నాడు. వాట్సాప్‌లో రాస్తే రెండు నీలం గీతలు పడి ఊరుకుంటున్నాయి కాబట్టి కాగితం తీశాను. ఎలాగూ అమ్మ నీకు పెర్త్‌కి గోంగూర పచ్చడి పార్సెల్ కడుతోంది, అందులో పెడతాను. పెద్ద విశేషమేమీ లేదు. శనివారం మన మెల్‌బోర్న్ డీమన్స్ ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) ఆట చూశావా లేదా అని, అంతే.

చూసే ఉంటావులే. అడిలైడ్ దాకా వెళ్లి ఎసెండన్ చేతిలో కూడా ఓడి వచ్చారు. ఐదుకి ఐదూ పోయాయి. మొదటి ఆట జీడబ్ల్యూఎస్ మీద మూడంటే మూడు పాయింట్లతో పోయినప్పుడు నువ్వు ఫోన్ చేసి అరగంట తిట్టావు, అమ్మ ఫోన్ లాక్కుని "ముందు అన్నం తిన్నావా" అని అడిగేదాకా ఆపలేదు. తర్వాతి వారం నార్త్ మెల్‌బోర్న్ చేతిలో దాదాపు 60 పాయింట్లు. నార్త్ చేతిలో! ఏళ్ల తరబడి పట్టికలో అడుగున ఉన్నవాళ్ల చేతిలో. ఆ రోజు నీ నుంచి తల పట్టుకున్న బొమ్మ ఒకటి వచ్చింది. ఉగాది వారాంతంలో గోల్డ్ కోస్ట్ చేతిలో మళ్లీ దాదాపు అంతే తేడా. ఉగాదికి నీ దగ్గర్నుంచి ఒక స్టిక్కర్ వచ్చింది, మామిడాకులూ కలశం ఉన్నది. జీలాంగ్ చేతిలో ఓడినప్పుడు అదీ లేదు.

పండగనాడు అమ్మ ఫోన్‌లో పంచాంగ శ్రవణం పెడితే, చిన్నోడు "డీమన్స్‌ది ఏ రాశి, అవమానం ఎంత ఉంది?" అని అడిగాడు. నేను నవ్వలేదు. వాడి జట్టు బుల్‌డాగ్స్ సంగతి వాడు చూసుకోవాలి.

నిన్న కారమ్ డౌన్స్ గుడికి వెళ్లాం. ప్రసాదం దగ్గర లతక్క కనిపించింది. ఆవిడ మాటలకేం, గోరంతలు కొండంతలు చేస్తుంది. ఆ సంగతి తర్వాత రాస్తాను, అసలు రాయాల్సినంత సంగతి కూడా కాదు.

జట్టు సంగతి నాకు అనిపించింది చెప్తా విను. పికెట్ మొదటి మూడు ఆటలకీ సస్పెన్షన్‌లో ఉన్నాడు, అది ఒక దెబ్బ. పెట్రాకా మీద మాత్రం విసుక్కోకు. కిందటేడు జూన్‌లో కింగ్స్ బర్త్‌డే ఆటలో పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తికి చిల్లు పడి, ప్లీహం చీలి ఆస్పత్రి పాలైన కుర్రాడు మళ్లీ మైదానంలోకి దిగాడంటేనే గొప్ప. టీవీలో అతన్ని చూసినప్పుడల్లా అమ్మ "వాళ్లమ్మ ఎలా చూడగలుగుతోందో" అంటుంది. నా కోపమంతా మనవాళ్లు 50 మీటర్ల గీత దాటగానే ముందు ఎవరున్నారో చూడకుండా బంతిని గాల్లోకి ఎత్తి తన్నేయడం మీద. ఇది ఈ ఏడాది పుట్టిన జబ్బు కాదు. ఇంకా మంట ఏమిటంటే, మన ఈ ఏటి డ్రాఫ్ట్ మొదటి రౌండ్ పిక్, అదే కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతు, కిందటేడే ఎసెండన్‌కి ఇచ్చేశాం. మనం ఎంత కిందికి పోతే వాళ్లకి అంత మంచి కుర్రాడు దొరుకుతాడు. శనివారం మనల్ని కొట్టిందీ వాళ్లే, మన ఓటమి మీద వడ్డీ తీసుకునేదీ వాళ్లే. బాబాయి ఎసెండన్ అని తెలుసుగా, రాత్రి ఫోన్ చేసి నీ గురించి కూడా అడిగాడు. బిజీగా ఉందని చెప్పాను.

ఐదు ఓడితే సీజన్ అయిపోయినట్టు కాదు. కిందటేడు హాథోర్న్ సరిగ్గా ఇలాగే ఐదూ ఓడింది. అందరూ నవ్వారు. ఏడాది చివరికి 14 గెలిచి, ఏడో స్థానంతో ఫైనల్స్ నాకౌట్ ఆటలకి వెళ్లి, బుల్‌డాగ్స్‌ని ఇంటికి పంపి (చిన్నోడు ఆ రాత్రి అన్నం తినలేదు), ఆ తర్వాత పోర్ట్ అడిలైడ్ చేతిలో 3 పాయింట్లతో ఆగింది. 2017లో సిడ్నీ అయితే మొదటి ఆరూ ఓడి కూడా ఫైనల్స్ ఆడింది, అంతకుముందు అలా ఎవరూ చేయలేదు. 1975లో నార్త్ మెల్‌బోర్న్ మొదటి నాలుగూ ఓడి ఏకంగా కప్పే కొట్టింది, అది వాళ్లకి మొట్టమొదటి కప్పు. కోచ్ ఎవరనుకున్నావు, 1964లో మనకి కప్పు తెచ్చిన కెప్టెన్ బరాసీయే. ఇన్నేళ్ల ఆటలో వెతికితే ఈ మూడు పేర్లే వస్తున్నాయంటే మిగతావాళ్ల గతేమిటని నువ్వు అడుగుతావు. అడుగు. ఫోన్ చేసి అడుగు.

నీకు 2013 గుర్తుందో లేదో. నువ్వు గ్రేడ్ ఫోర్. హాపర్స్ క్రాసింగ్‌లో ఆ రెండు గదుల యూనిట్. మీ క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి డీమన్స్ అని నువ్వూ డీమన్స్ అన్నావు. ఆ అమ్మాయి ఏడాది తిరక్కుండానే జట్టు మార్చేసింది, నువ్వు మార్చలేదు. ఏప్రిల్‌లో నిన్ను మొదటిసారి ఎంసీజీ స్టేడియానికి తీసుకెళ్లాను, ఎసెండన్ మీద ఆట. ఫ్లిండర్స్ స్ట్రీట్‌లో దిగి ఏటి పక్కన నడిచాం. అమ్మ స్టీలు డబ్బాలో పులిహోర పెట్టింది. నాకు అప్పటికి ఆట సగమే తెలుసు, రెండు పెద్ద కర్రల మధ్య పడితే ఆరు, పక్క కర్ర లోపల పడితే ఒకటి, అంతవరకే. నీ చేతిలో లెక్కల పుస్తకం. ఒక పేజీలో గీత గీసి అటు ఎసెండన్, ఇటు డీమన్స్ అని రాసి, గోల్ పడ్డప్పుడల్లా ఒక అడ్డగీత. హాఫ్ టైమ్ కాకముందే ఎసెండన్ వైపు జాగా నిండిపోయింది. పేజీ తిప్పావు. డీమన్స్ వైపు ఉన్న ఖాళీలో ఎసెండన్ గీతలు గీద్దామని నేనంటే నా వేపు ఎంత కోపంగా చూశావో.

మన ముందు వరసలో ఎరుపు నీలం స్కార్ఫ్ కట్టుకున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. కప్పు గెలిచిన 64 నుంచీ చూస్తున్నానన్నాడు. నీకు తన చిప్స్ ఇచ్చాడు, నువ్వు ఆయనకి పులిహోర పెట్టావు. ఆయన వేరుశెనగ పలుకులు ఏరుకుని తింటూ ఎండుమిరపకాయ కొరికేశాడు. ముఖం స్కార్ఫ్ రంగుకి వచ్చింది. నేను నీళ్ల సీసా పట్టుకుని సారీలు చెబుతుంటే, "ఈ ఆట కంటే ఇదే నయం" అన్నాడు. మూడో క్వార్టర్ అయ్యేసరికి మన చుట్టూ కుర్చీలు ఖాళీ అయిపోయాయి. ఆయన కూడా లేచి నీ తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు. మర్నాడు తెల్లవారుజామున నాకు డ్యూటీ. పోదాం రామ్మా అంటే నువ్వు కుర్చీ చేతులు పట్టుకుని "ఇంకా సైరన్ మోగలేదు నాన్నా" అన్నావు. బతిమాలాను, ఐస్‌క్రీమ్ అన్నాను, కోప్పడ్డాను. కదిలితేగా. చివరికి ఎసెండన్ 184, మనవి 36. మనం కొట్టిన గోల్స్ ఐదు. ఆ ఐదు గీతల్నీ ఎర్ర పెన్సిల్‌తో మళ్లీ దిద్దుకున్నావు. రైల్లో నిద్రపోతావనుకున్నాను, నిద్రపోకుండా "వచ్చే వారం ఎవరితో?" అని అడిగావు. వెస్ట్ కోస్ట్‌తో. అదీ ఓడాం. ఆ ఏడాది 22 ఆటల్లో గెలిచింది రెండే, జూన్‌లో కోచ్‌ని కూడా పంపేశారు. అయినా ప్రతి వారం వచ్చి నా పక్కన కూర్చుని స్కోరు చెప్పేదానివి. ఎంత పెద్ద ఓటమైనా నోటితో చెప్పేదానివి.

ఎనిమిదేళ్లకి, నువ్వు ఇయర్ 12లో ఉండగా, లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని టీవీలో చూశాం కదా, 57 ఏళ్ల తర్వాత కప్పు. 19 పాయింట్లు వెనకబడి 74తో గెలిచాం. ఆడింది మీ పెర్త్‌లోనే. ఫిబ్రవరిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ స్టేడియం ముందు నిలబడి ఫోటో పంపావు, అమ్మ దాన్నే ఫోన్ వాల్‌పేపర్ చేసుకుంది. మెడలో ఆఫీసు కార్డు ఉంది ఆ ఫోటోలో.

ఇంకో మాట. మన కోచ్ గుడ్విన్‌ని చూడు. ఐదు వారాలు వరసగా ఓడాడు, ప్రతి వారం ఆట అవ్వగానే మైకు ముందుకొచ్చి కూర్చుంటున్నాడు. ఎందుకు ఓడారు, నీ ఉద్యోగం ఉంటుందా అని ముఖం మీదే అడుగుతున్నారు. జవాబు ఉన్నవాటికి చెప్తాడు, లేనివాటికి నీళ్లు నములుతాడు, కానీ రాకుండా ఉండడు. అది వాళ్లకి రూలు అంటావు. మన ఇంట్లో కూడా ఆదివారం సాయంత్రం ఫోన్ అనే రూలు ఒకటి ఉండేది. గెలిచినప్పుడే చేయాలని అందులో లేదు. వేసవిలో మూడు గంటల తేడా ఉంది, కుదరడం లేదన్నావు. ఇక్కడ గడియారాలు మార్చేశాం, ఇప్పుడు రెండు గంటలే.

సరే, లతక్క. వాళ్ల పెద్దబ్బాయి పోయిన మంగళవారం పదకొండు గంటలప్పుడు నిన్ను ఏదో షాపింగ్ సెంటర్‌లో చూశాడట. పలకరిస్తే ఇటు కాకుండా అటు వెళ్లిపోయావట. నీలాంటి అమ్మాయి ఇంకొకరు అయ్యుంటారని నేను చెప్పాను. సెలవు పెట్టి ఉంటుంది, ఒంట్లో బాగోక డాక్టర్ దగ్గరికి వెళ్లి ఉంటుంది అని కూడా చెప్పాను, రెండూ చెప్పకుండా ఒకటే చెప్పుంటే బాగుండేదని అమ్మ దారంతా సణిగింది. ఒంట్లో బాగానే ఉందా? దగ్గు తగ్గిందా?

ఉద్యోగం గురించి నేను అడగడం లేదు. కొత్త ఉద్యోగాల్లో ఆరు నెలలు ప్రొబేషన్ ఉంటుందని తెలుసు, ఈ రోజుల్లో ఎవరిని ఎప్పుడు వద్దంటారో తెలియదనీ తెలుసు. ఉంటే జీతంలో కొంత వెనకేసుకో, ప్రతి వారం బయటి తిండి వద్దు. లేకపోతే పేస్లిప్పులన్నీ జాగ్రత్తగా దాచుకో, సూపర్, అదే పింఛను డబ్బు, జమ చేశారో లేదో చూసుకో, గది ఖాళీ చేసేముందు బాండ్ డబ్బు, అదే అడ్వాన్సు, అడిగి తీసుకో, గోడలు ఫోటోలు తీసి పెట్టుకో. క్రెడిట్ కార్డు మీద బతకకు. రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తూ పడుకోకు, పొద్దున్నే లేచి స్నానం చేస్తే సగం దిగులు పోతుంది. ఇంటర్వ్యూలకి వెళ్తుంటే ఆ నల్ల ప్యాంటు వద్దు, మోకాళ్ల దగ్గర తెల్లబడింది. చూశావా, అడగనంటూనే ఎంత రాశానో. ఇదంతా అమ్మ రాయమంది.

పార్సెల్‌లో పచ్చడి, కారప్పొడి, నువ్వుల లడ్డూలు ఉన్నాయి. గోంగూర మన పెరటిదే, చలి ముదిరేలోగా ఆఖరి కోత. దగ్గుకని అమ్మ తేనె సీసా కూడా పెట్టింది, మీ రాష్ట్రంలోకి తేనె రానివ్వరని నేను తీసేశాను. పచ్చి కరివేపాకు కూడా అందుకే పెట్టలేదు. కరివేపాకు కుండీ లోపలికి తెచ్చాం, నీ గదిలో కిటికీ దగ్గర ఉంది. మంచం మీద దుప్పట్లు మార్చాం, కుండీ అడ్డమైతే తీసేస్తాను.

ఈ శనివారం మీ ఊరి ఫ్రీమాంటిల్ ఎంసీజీకి వస్తోంది. నేనూ చిన్నోడూ వెళ్తున్నాం. వాడు ఫ్రీమాంటిల్ గెలవాలని మొక్కుకున్నాడు, వాణ్ణి వేరే వరసలో కూర్చోబెడతాను. మూడో టికెట్ తీయనా? ఈస్టర్ కదా, విమానం ధరలు మండుతున్నాయి. నా కార్డుతో తీస్తాను, నువ్వు తీయకు. శుక్రవారం రాత్రి ఏ వేళకి దిగినా ఎయిర్‌పోర్టుకి వస్తాను. మందపాటి జాకెట్ తెచ్చుకో, ఇక్కడ అప్పుడే చలి మొదలైంది.

ఈ పార్సెల్ శనివారంలోగా నీకు చేరేది అనుమానమే. అందుకని ఈ కాగితాలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమని చిన్నోడికి ఇస్తున్నాను. నువ్వు వస్తున్నట్టయితే రేపు పోస్టాఫీసు తెరిచేలోగా చెప్పు, పార్సెల్ ఆపేస్తాను. రాకపోతే ఏ చిరునామాకి పంపాలో రాయి, పాతదేనా?

నాన్న