వేసవి శిక్షణకు ఎంపికైన మా పిల్లలు రాత్రి ఎక్కడ పడుకోవాలి?

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారములు.

నేను విశాఖపట్నంలోని ఒక డిగ్రీ కళాశాలలో ఆహార, పోషణ శాస్త్రం బోధిస్తున్నాను. గిరిజన, దళిత, మత్స్యకార కుటుంబాల డిగ్రీ విద్యార్థులను ఎంపిక చేసి, వేసవిలో విశాఖలో స్టైపెండ్‌తో ఎనిమిది వారాల పరిశోధన శిక్షణ ఇస్తున్న సంగతి తమకు తెలిసినదే. ఎంచుకున్న అంశంపై ప్రయోగశాలలో పరీక్షలు చేసి, చివర నివేదిక ఇవ్వడమే ఆ శిక్షణ. ఆ ఎనిమిది వారాలూ వారికి వసతి కల్పించమని ఫిబ్రవరి నుంచి మూడు అర్జీలు ఇచ్చాను. మొదటి దానిని సంబంధిత శాఖకు పంపామన్నారు. రెండవ దానికి జవాబు రాలేదు. మూడవది పరిష్కారమైందని నా ఫోనుకు సందేశం వచ్చింది కానీ, ఆనాటికీ ఈనాటికీ ఏమీ మారలేదు. అందుకే ఈ లేఖను అందరూ చదివేలా రాస్తున్నాను.

సమస్య ఒక్కటే. శిక్షణ మే మొదటి వారంలో మొదలవుతుంది, వారు ఉండే ప్రభుత్వ వసతి గృహాలకు ఏప్రిల్ ఆఖరున తాళం పడుతుంది. సెలవుల్లో మెస్ ఛార్జీలు మంజూరు కావని, వంటవారు ఉండరని, తాను చేయగలిగింది ఏమీ లేదని వార్డెన్ గారు చెప్పారు. ఆమెను తప్పుపట్టలేను. కానీ ఈ వేసవిలో మా కళాశాల నుంచి ఎంపికైన ఐదుగురు అమ్మాయిలలో నలుగురు ఆ గృహాలలోనే ఉండి చదువుకుంటున్నారు. శిక్షణకు రమ్మన్న ఉత్తరం, గది ఖాళీ చేయమన్న నోటీసు వారికి ఒకే వారంలో అందాయి.

వారిలో ఒక అమ్మాయిది మన్యంలోని ముంచంగిపుట్టు మండలం. ఇంటి నుంచి రోజూ వచ్చి వెళ్లడమన్న మాటే లేదు. పాడేరు చేరి, ఘాట్ దిగి, విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో అడుగుపెట్టేసరికే పగలు గడిచిపోతుంది. ప్రైవేటు హాస్టల్లో చేరాలంటే అడ్వాన్సు ముందే కట్టాలి, స్టైపెండ్ మాత్రం శిక్షణ పూర్తయి, ధ్రువపత్రం సమర్పించిన తరువాతే ఖాతాలో పడుతుంది. కొండ మీద పోడు చేసుకునే తండ్రి ఆ అడ్వాన్సు ఎక్కడి నుంచి తేగలడు? పదకొండు రోజులు తెలిసినవారి ఇంట్లో వరండాలో పడుకుని వచ్చింది. పన్నెండవ రోజున ఇక తన వల్ల కాదని నాకు ఫోను చేసి, ఊరికి వెళ్లిపోయింది. ఆ పదకొండు రోజులూ ఆ సంగతి నాకు తెలియకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

ఆమె ఎంచుకున్న అంశం వాళ్ల అవ్వ కుండలో పుట్టింది. చోళ్ల (రాగుల) పిండిని రాత్రి పులియబెట్టి కాచిన అంబలిలో, ఇనుమును, కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేటు అనే పదార్థం ఎంత మేరకు తగ్గుతుందో గంటలవారీగా కొలవాలనుకుంది. 100 గ్రాముల చోళ్లలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని, తెల్ల బియ్యంలో అది 10 మిల్లీగ్రాములైనా ఉండదని నేను పాఠం చెబుతాను. అయితే గింజలో ఉన్నదంతా ఒంట్లోకి చేరదన్న అనుమానంతో, చేరేదెంతో తేల్చాలని బయలుదేరింది ఆ అమ్మాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21 నాటికి మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ లెక్కలోకి వచ్చే ఊళ్ల నుంచి వచ్చిన పిల్ల ఆ ప్రశ్న అడిగినప్పుడు, ఆమెకు ఎనిమిది వారాల పాటు ఒక మంచం చూపలేకపోయాము.

మత్స్యకార గ్రామమైన పూడిమడక నుంచి రోజూ బస్సులో వచ్చిన మరో అమ్మాయి శిక్షణ పూర్తి చేసింది కానీ, ఎలా చేసిందో తమరు తెలుసుకోవాలి. ముళ్లతో సహా తినే చిన్న చేపలైన ఎండు నెత్తళ్లలో కాల్షియంతో పాటు తేమ, కొవ్వు ఎంతో చూడడం ఆమె పని. ప్రయోగశాల బస్సు వేళలను బట్టి నడవదు. తేమ శాతం తేల్చాలంటే 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టిన నమూనాను మళ్లీ మళ్లీ తూచి, బరువు ఇక తగ్గడం లేదని నిర్ధారించుకోవాలి. సాక్స్‌లెట్ పరికరంలో కొవ్వు తీయడానికి గంటల తరబడి దగ్గర ఉండాలి. ఆమె సాయంత్రం ఐదు గంటలకే సగం పని ఆపి పరుగెత్తేది, మరునాడు వచ్చి మొదటి నుంచి చేసేది. చివరి నివేదికలో మూడు సార్లు చేయవలసిన పరీక్షను ఒక్కసారే చేసిందని మార్కులు తగ్గించారు.

ఈ పిల్లలకు వేరే దారులు ఎక్కువగా లేవు. భారత వైద్య పరిశోధన మండలి వారి స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ వైద్య, దంతవైద్య విద్యార్థుల కోసం ఉన్నది. జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది హైదరాబాదులో. విశాఖలోనే శిక్షణ దొరికిందని మేమంతా ఎంత సంతోషించామో చెప్పలేను.

అయ్యా, నేను కొత్త భవనం అడగడం లేదు. నగరంలో బాలికలకు ఒకటి, బాలురకు ఒకటి చొప్పున రెండు వసతి గృహాలను ఆ ఎనిమిది వారాలు తెరిచి ఉంచండి. ఆ రోజులకు మెస్ ఛార్జీలు మంజూరు చేయండి. స్టైపెండ్‌లో సగమైనా మొదటి వారంలో ఇప్పించండి. ఇవే మాటలు మూడు అర్జీలలోనూ రాశాను, ఇప్పుడు నాలుగవసారి వేడుకుంటున్నాను.

వచ్చే ఏడాది దరఖాస్తులు జనవరిలో మొదలవుతాయి. మా తరగతిలో కొండ ప్రాంతాల నుంచి వచ్చిన అమ్మాయిలు ఇప్పటికే తొమ్మిది మంది పేర్లు ఇచ్చి, హాస్టల్ ఉంటుందా మేడమ్ అని అడుగుతున్నారు. ఉంటుందో ఉండదో దయచేసి డిసెంబరులోగా రాతపూర్వకంగా తెలియజేయండి. ముంచంగిపుట్టు అమ్మాయికి కూడా కబురు పంపాలి. ఆమె తెచ్చిన చోళ్లు మా బీరువాలో ఆమె పేరు రాసిన సీసాలోనే ఉన్నాయి.

భవదీయురాలు,
ఆహార, పోషణ శాస్త్ర అధ్యాపకురాలు,
విశాఖపట్నం.