లెంట్‌లో ఏం మానేయాలని అడిగావు కదా

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. "ఈ లెంట్‌కి ఏం మానేయమంటావమ్మా, స్వీట్లా, ఇన్‌స్టాగ్రామా?" అని, ఈస్టర్ ముందు ఉపవాసాలుండే ఈ శ్రమకాలం గురించి నిన్న ఫోన్లో అడిగావు. అప్పటికేదో చెప్పి పెట్టేశాను గానీ, మనసంతా దాని మీదే ఉంది. అందుకే రాస్తున్నాను.

నువ్వు పాకే వయసులో ఉండగా, ఒక శ్రమకాలం నేను మహా పట్టుదలగా ఉపవాసం ఉన్నాను. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు దాకా 46 రోజులు, ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఒక్కరోజూ తప్పకూడదని క్యాలెండర్లో టిక్కులు పెట్టుకునేదాన్ని. మూడో వారంలో పక్కింటి అక్క తలుపు కొట్టింది. వాళ్ళాయన పక్షవాతంతో మంచాన పడి అప్పటికి ఏడాది. "ఒక్క గంట ఆయన దగ్గర కూర్చుంటావా అమ్మా, కాస్త కన్ను మూస్తాను" అంది. నాకు ప్రార్థన టైమ్ అక్కా అన్నాను. "సరేలే" అని వెళ్ళిపోయింది. ఆ రోజు కూడా టిక్కు పెట్టాను.

రాత్రి బైబిల్ తెరిస్తే యెషయా 58. ఉపవాసం ఉన్నా నువ్వెందుకు చూడవని జనం దేవుణ్ణి నిలదీస్తారు. ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టు, దిక్కులేనివాళ్ళను ఇంట్లోకి చేర్చుకో, నీవాళ్ళకు ముఖం చాటేయకు, నాకు కావలసిన ఉపవాసం ఇదీ అంటాడాయన. ఎన్నోసార్లు చదివిన అధ్యాయమే. ఆ రాత్రి మాత్రం చదువుతుంటే అక్క తలుపు కొట్టిన చప్పుడే వినబడింది.

మర్నాడు వెళ్ళాను. అక్క పడుకున్నాక ఆయన ఎడమచెయ్యి చూశాను. పిడికిలి బిగుసుకుపోయింది. పెరిగిన గోళ్ళు అరచేతిలో దిగి ఎర్రటి గాట్లు పడ్డాయి. గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి నానబెట్టి, ఒక్కో వేలూ మెల్లగా విడదీసి కత్తిరించాను. ఐదు వేళ్ళకి అరగంట పట్టింది. ఆయనకి మాట రాదు. కుడిచేత్తో నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ పూట నా ప్రార్థన అక్కడే అయింది.

ఉపవాసం వద్దనడం లేదు తల్లీ. తప్పకుండా ఉండు. అయితే నువ్వు మానుకున్నది ఎవరో ఒకరికి చేరాలి. విశ్వాసుల ఉపవాసం పేదలకు భోజనం కావాలని 5వ శతాబ్దంలోనే పోపు లియో రోమ్‌లో ప్రసంగించాడు. ఇన్‌స్టాగ్రామ్ మానేస్తే నీకు రోజూ ఓ గంట మిగులుతుంది కదా, అది ఎవరికిస్తావు?

మీ కింది అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ గురించి చెప్పావు, ఆసుపత్రికి వెళ్ళాలంటే తోడు ఎవరూ లేరని. ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళు. ఏం కావాలో నువ్వే ఊహించుకోకుండా అడుగు. ఒక్కోసారి చెప్పుకోవడానికి మనిషి ఉంటే చాలు. ఎప్పుడో తీరికున్నప్పుడు కాకుండా, వారంలో ఒక రోజు అనుకుని అదే రోజు వెళ్ళు, ఆవిడకి ఎదురుచూసే ధైర్యం ఉంటుంది. ఫోటోలు తీయకు. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్నాడు ప్రభువు. ఈస్టర్ అయిపోయిందని మానేయకు కూడా.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆవిడ పేరు చెప్పు. పేరు పెట్టి ప్రార్థన చేస్తాను.

ప్రేమతో,
అమ్మ