నీ కథల వాన సంగతి

పాలమూరు

దోస్తూ,

కథ చదివిన. మనుషులు మంచిగొచ్చిండ్రు గని వాననే కుదరలేదురా. రోహిణి కార్తెల ముసురు పట్టించుడేంది? రోళ్లు పగిలే రోజులవి. మే ఆఖరుకు మన దిక్కు వానంటే పొద్దుగూకంగ గాలిదుమారం లేస్తది, కొల్లాపూర్ తోటలల్ల మామిడికాయ రాలుతది, అరగంట దంచి పోతది. ముసురే కావాల్నంటే కథను జులై ఆఖరుకు, పుష్యమి కార్తెకు జరుపు. జరిపినంక మట్టివాసన ముచ్చట కొట్టెయ్. ఎండిన నేల మీద చినుకు పడితేనే ఆ వాసన, నానిన నేలకు రాదు.

ఇగ అసలు తప్పు. ఒక్క జల్లు పడంగనే నీ ముసలాయనతోని పత్తిగింజలు పెట్టించినవ్. అన్నేండ్లు సేద్యం చేసినోడు గా పని చెయ్యడు. చెల్కల, అంటే ఎర్ర తేలిక నేలల, 50-60 మిల్లీమీటర్లు, నల్లరేగడిల 60-75 పడేదాక ఆగుతడు. మిల్లీమీటరంటే చిన్నగ కనిపిస్తది గని, ఎకరం మీద అది నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీళ్లు. అయినా ఆయనకు ఆ లెక్కలెందుకు? బెత్తెడు లోతు తవ్వి, పిడికెడు మన్ను తీసి గట్టిగ ఒత్తుతడు. ఉండ కట్టకుంట జారితే పదును, అంటే గింజ పెట్టేటందుకు సరిపోయే తడి, లేనట్టు. చేతికి జిగటగ అంటుకుంటే ఇంకా ఆరాలె. ఉండ కట్టి, నడుమెత్తు నుంచి ఇడిస్తే పగలాలె, గదీ పదును. గీ ఒక్క పని రాయి, ఉరుములు మెరుపులు అక్కరలేదు.

పదును చాలకుంట పెడితే గింజ పైతడికే మొలుస్తది, వేరు దిగేసరికి కింద పొడి మన్ను, వాడిపోతది. చెల్కల ఇంకో తిప్పలు: దంచుడువాన పడి వెంటనే ఎండ కొడితే పైన పెచ్చు కడ్తది, మొలక దాన్ని పగలగొట్టలేదు. అప్పు చేసి తెచ్చిన ప్యాకెట్లు పాయె, మళ్లా కొనాలె. నీ కథకు కావాల్సిన దుఃఖం గక్కడున్నది.

కృష్ణ మీది జూరాల డ్యాం గేట్లెత్తిండ్రని ఊర్ల కుండపోత పెట్టినవ్ గదా, అదీ తియ్. ఆ నీళ్లు ఎక్కువగ పడమటి కనుమల దిక్కు పడ్డ వానవి. కృష్ణ నిండుగ పారుతుంటే పక్క చేన్ల పత్తి తల వాల్చుడు మనకు కొత్తనా? 2009 అక్టోబరు వేరే, అప్పుడు ఎగువనా పడ్డది, ఇక్కడా పడ్డది, అలంపూర్ మునిగింది. హస్త కార్తె అది.

నీ రేడియో వార్తల 20 మిల్లీమీటర్లకే ‘భారీ వర్షం’ అన్నవ్. వాతావరణ శాఖ లెక్కల పొద్దున 8:30 నుంచి మరునాడు 8:30 దాక 64.5 దాటితేనే ఆ మాట వాడుతరు.

దిద్ది పంపు. మృగశిర పోయి ఆరుద్ర వచ్చేలోపే పంపు జెర.

నీ దోస్తు