గడీలో గంట ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో నిజాం కాలం కథ ఒకటి చదివాను. బాగానే ఉంది గానీ ఒక్కచోట అన్నంలో రాయి తగిలినట్టయింది. గడీలో, అంటే తన కోటలాంటి ఇంట్లో, దొర పట్టుతాడు లాగితే లోపలెక్కడో గంట మోగి పనివాడు పరుగెత్తుకొచ్చాడట!

ఆ గంట ఇంగ్లీషు నవలల్లోది. అక్కడి పెద్ద ఇళ్లలో తాడు లాగితే గోడల వెంట పోయే తీగ కింద పనివాళ్లుండే చోట గంటను కదిలించేది, వరుసగా వేలాడే గంటల్లో ఏది ఊగుతుందో చూసి ఏ గదికి పోవాలో తెలుసుకునేవాళ్లు, అంటే పిలిచే మనిషి గొంతు విప్పే పనే లేదు. మన నాటకాల్లో రాజు చప్పట్లు కొట్టి ‘ఎవరక్కడ’ అంటాడు, సరే, అది వేరే లెక్క.

గడీలో పిలుపంటే గొంతే. పరకాల వైపు ఊళ్లో తను చిన్నప్పుడు చూసింది మా నానమ్మ చెప్పేది. అరుగు మీంచి ‘ఓరి మల్లిగా’ అని కేక. ఆ మల్లయ్యకు అరవై ఏళ్లు, భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకుని ‘నీ బాంచెన్ దొరా’ అంటూ వచ్చి వాకిట్లో నిలబడేవాడట. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో గడీలో ఆడబాపల, అంటే అక్కడి దాసీల, బతుకు ఎట్లుండేదో ఉంది, కథ రాసే ముందు ఒకసారి తిరగేస్తే పోయేదేముంది?

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో పనామెను మిస్డ్ కాల్‌తో పిలుస్తున్నారు. పై ఫ్లోర్ వాళ్ల ఫోన్లో ఆమె నంబరు ‘పనిమనిషి 2’ అని ఉంది.

– ఒక పాఠకురాలు, హనుమకొండ