కెమెరాలు చెడితే నేరం ఎండదేనా?

సంపాదకులకు,

అయ్యా, కూడళ్లలో సీసీ కెమెరాలు పనిచేయడం లేదంటూ గత వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. ఏళ్ల తరబడి ఎండలో ఉండటంవల్లే అవి దెబ్బతిన్నాయని, కొత్తవి అమర్చక తప్పదని అధికారులు సెలవిచ్చిన మాట ఇన్ని రోజులైనా మింగుడుపడక ఈ లేఖ రాస్తున్నాను. ఇక సూర్యుడికి షోకాజ్ నోటీసు ఇవ్వడమొక్కటే తరువాయి.

ఎండవల్ల కెమెరాకు హాని లేదని నేను అనను. అయితే చాలామంది అనుకొనేట్టు, భూతద్దం కింద కాగితం కాలినట్టు, లెన్సు వెనక చిత్రాన్ని పట్టే సెన్సరు ఒక్కరోజులో మాడిపోదు. వీధుల్లో తరచుగా వాడే 4 మి.మీ. లెన్సు గుండా సూర్యబింబం సెన్సరుపై 0.04 మి.మీ. కంటే చిన్న చుక్కగా పడుతుంది, సూర్యుడితోపాటే జరిగిపోతుంది. ఆ చుక్క ఏళ్ల తరబడి పడుతూ ఉంటే మాత్రం సెన్సరు మీది రంగుల పొర వెలిసి చిత్రంలో మరక మిగలవచ్చు. దూరాన్ని దగ్గరగా చూపే జూమ్ కెమెరాల్లో ఈ ముప్పు మరింత ఎక్కువ. సూర్యుడి వైపు గురిపెట్టవద్దని కెమెరాతో వచ్చే సూచనల పుస్తకాల్లో రాసేది ఇందుకే. ఆ పుస్తకం ఎవరు తెరిచారు గనుక!

సెన్సరు కంటే ముందు చెడేది పైనున్న ప్లాస్టిక్ తొడుగు. మా అపార్టుమెంటు గేటు మీది డోమ్ కెమెరాలో రాత్రి దృశ్యం పాలు ఒలకబోసినట్టు కనిపిస్తుంటే, కెమెరా పోయిందని అందరూ తీర్మానించారు. నిచ్చెన వేసి తొడుగు విప్పి చూస్తే, ఎండ తగిలే సగం పచ్చబడి మసకబారింది, గోడ వైపు సగం ఇంకా తేటగానే ఉంది. తొడుగు ఒక్కటి మార్చగానే బండ్ల నంబర్లు మళ్లీ చదవగలిగాం.

ఇక వేడి సంగతి. కెమెరా 50 డిగ్రీల వరకో 60 డిగ్రీల వరకో పనిచేస్తుందని రాసి ఉంటే అది చుట్టూ ఉన్న గాలి వేడి లెక్క. నేరుగా ఎండ కాసే ముదురు రంగు డబ్బా లోపల వేడి అంతకు మించిపోతుంది. లోపల విద్యుత్తును నిల్వచేసే చిన్న భాగాలైన కెపాసిటర్లలో ఎలక్ట్రోలిటిక్ అనే రకానికి పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు దాదాపు సగం తగ్గుతుంది. రబ్బరు సీలు ఎండి పగిలితే లోపలికి తేమ చేరుతుంది, అప్పుడు ఆ నేరం వాన మీదికి పోతుంది. ‘ఐపీ66’ ప్రమాణమున్నవే కొన్నామని అదే వార్తలో గొప్పగా చెప్పుకున్నారు. ఆ అంకెలు దుమ్ముకూ నీటి ధారకూ సంబంధించినవే తప్ప, ఎండ గురించి అందులో ఒక్క మాటా లేదు.

మా కూడలిలోని మూడు కెమెరాలకూ ఎండ గొడుగులు ఉన్నాయి. మూడూ ముందుకు జరపకుండా వెనక్కి నెట్టేసి బిగించారు. అందులో ఒకటి సరిగ్గా పడమటికే చూస్తుంది. పొరుగాయన బండి ఒక సాయంత్రం పోతే ఆ ఫుటేజీ తీసి చూశారు, తెల్లటి వెలుగులో నల్లటి నీడ ఒకటి బండిని నడిపించుకుపోయింది. దొంగ పొడుగో పొట్టో కూడా తేలలేదు. దానికి కారణం కెమెరా పాతబడటం కాదు, దాని ముఖం తిప్పిన దిక్కు.

రోడ్డు గుంతలు పడితే వాన, దీపాలు ఆరితే గాలి, ఇప్పుడు కెమెరాలకు ఎండ! స్తంభం నాటిన రోజు రిబ్బను కత్తిరించడానికి పదిమంది వస్తారు, ఆ తర్వాత ఏడాదికోసారి గుడ్డ పట్టుకుని నిచ్చెన ఎక్కే మనిషి ఒక్కడూ ఉండడు. తొడుగు మారిస్తే, గొడుగు ముందుకు జరిపితే, ముఖం కాస్త కిందికి దించితే బాగుపడేవి ఎన్నో తేల్చకుండా అన్నింటినీ ఒకేసారి పారేయడానికి ఇంత తొందర ఎందుకో అధికారులే చెప్పాలి.

కొత్త కెమెరాల ప్రారంభోత్సవం ఫొటో మీరు ఎలాగూ వేస్తారు. ఆ రోజు అవి ఏ దిక్కుకు చూస్తున్నాయో కూడా ఒక వాక్యం రాయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు